రాయలసీమలో చర్చి సేవాబృందాలు: విపత్తు తర్వాత ఇళ్ళ పునర్నిర్మాణం

కర్నూలు, కడప జిల్లాల్లో క్రైస్తవ సంఘాలు విపత్తుల వేళ చేసిన సహాయానికి దాదాపు 150 ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో తొలి వందేళ్ళూ కరువుతోనే గడిచాయి. అప్పుడు సాయమంటే గంజి, గింజలు, కూలిపని. కూలిన ఇంటిని మళ్ళీ నిలబెట్టే పని కోస్తా తుపానుల దగ్గర మొదలై, 2009 తుంగభద్ర వరదతో సీమకు సొంత అనుభవమైంది.

పాశ్చాత్య దేశాల్లో చర్చి సేవాబృందమంటే సెలవు పెట్టుకుని, విమానమెక్కి, దూరదేశంలో రెండు వారాలు గోడలు కట్టి వచ్చేవాళ్ళు. సీమలో పరిస్థితి వేరు. ఇక్కడి సంఘస్థుల్లో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల వాళ్ళు. ఆ పల్లెలు చాలాచోట్ల ఊరికి పల్లంలో, వంక ఒడ్డున, చెరువు కట్ట కింద ఉంటాయి. నీళ్ళొస్తే మొదట మునిగేది వాళ్ళ ఇళ్ళే, మర్నాడు పార పట్టుకుని పక్కవాళ్ళ ఇంట్లో బురద ఎత్తేదీ వాళ్ళే. ఈ చరిత్రలో సాయం చేసినవాళ్ళనూ పొందినవాళ్ళనూ వేరు చేసి చూస్తే సగం సంగతి కనబడకుండా పోతుంది.

కరువు కాలం

లండన్ మిషనరీ సొసైటీ తరఫున విలియం హోవెల్ 1822లో కడపకు వచ్చాడు. తర్వాత ఆంగ్లికన్లు ముత్యాలపాడు, నంద్యాల వైపు, అమెరికన్ బాప్టిస్టులు కర్నూలు, కంభం వైపు స్థిరపడ్డారు. కంభం, మార్కాపురం తాలూకాలు అప్పట్లో కర్నూలు జిల్లాలోవే. వీళ్ళు బడులు, ప్రార్థనా మందిరాలు కట్టారు. జమ్మలమడుగులో కాంప్‌బెల్ ఆసుపత్రి వెలిసింది. విపత్తు సహాయమనే పనికి మాత్రం రూపం ఇచ్చింది ధాత నామ సంవత్సరపు కరువు.

1876లో వానలు మొహం చాటేశాయి. 1878 దాకా బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు నలిగిపోయాయి. 1871 లెక్కల్లో 9 లక్షలకు పైగా ఉన్న కర్నూలు జిల్లా జనాభా 1881కి 7 లక్షల లోపుకు పడిపోయింది. చచ్చినవాళ్ళు, వలసపోయి తిరిగి రానివాళ్ళు కలిపి ఆ లెక్క. కర్నూలు–కడప కాలువ అప్పటికే తవ్వి ఉంది. అయినా కరువును ఆపలేకపోయింది. ప్రభుత్వం సహాయ పనులు పెట్టింది కానీ, కూలి దగ్గర పిసినారితనం చూపింది. ప్రభుత్వం కరువు ప్రతినిధిగా పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ సిఫారసు మీద 1877లో మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా అని ఖాయం చేశారు. రోజంతా రాళ్ళు కొట్టిన మనిషికి అరకిలో కన్నా తక్కువ గింజలు. ఇది సాయం పేరుతో జరిగిన దారుణమని చెప్పడానికి వెనకాడక్కర్లేదు.

ఆ సమయంలో ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లో చేసిన పని ఈ చరిత్రకు మూలం. అమెరికాలో సర్వే పని నేర్చుకున్న మనిషి కావడంతో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని తానే కాంట్రాక్టుకు తీసుకున్నాడు. చుట్టుపక్కల పల్లెల నుంచీ, కంభం, మార్కాపురం వైపు నుంచీ జనం తరలివచ్చారు. బోధకులే మేస్త్రీలయ్యారు. ఒక్కొక్కరు ఒక్కొక్క గుంపు పని చూసుకుంటూ, సాయంత్రం వాళ్ళ మధ్యే కూర్చుని మాట్లాడేవారు. అన్నం పెట్టడానికి బదులు పని ఇచ్చి, ఆ పని మీద అజమాయిషీ కూడా ఆ పల్లెల మనుషులకే అప్పగించిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

దీని వెంటే ఒక వివాదమూ పుట్టింది. కరువు సాగినన్నాళ్ళూ క్లో ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆయన ఉద్దేశం. కాలువ పని ముగిశాక, 1878 జులై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అన్నానికీ విశ్వాసానికీ నడుమ గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్న అప్పటి నుంచి ఇప్పటిదాకా ప్రతి సహాయ శిబిరంలోనూ లేస్తూనే ఉంది. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ సంస్థలు, ఇతర సహాయ సంస్థలు కలిసి 1994లో రాసుకున్న ప్రవర్తనా నియమావళిలో, సాయాన్ని ఏ మత, రాజకీయ ప్రచారానికీ వాడుకోరాదన్న నియమం ఉంది. క్లో ఆ నియమం వైపు కనీసం ఒక అడుగు వేశాడు. అందరు మిషనరీలూ వేయలేదు.

కోస్తా నుంచి వచ్చిన విద్య

కరువులో మనిషి పోతాడు, ఇల్లు మిగులుతుంది. తుపానులో ఇల్లూ పోతుంది. అందుకే ఇళ్ళు కట్టే పని ముందు కోస్తాలో మొదలైంది. 1969 మే తుపాను తర్వాత బెల్జియం జెసూట్ గురువు మైకేల్ విండీ గుంటూరు కేంద్రంగా విలేజ్ రీకన్‌స్ట్రక్షన్ ఆర్గనైజేషన్‌ను మొదలుపెట్టాడు. విడి ఇళ్ళు కాకుండా మొత్తం పల్లెను కొత్తగా, ఊరివాళ్ళ చేతులతోనే కట్టడం ఆయన పద్ధతి. యూరప్ నుంచి వచ్చిన యువకులూ వాళ్ళతో కలిసి ఇటుకలు మోసేవారు. విండీ 2009లో కన్నుమూశారు.

1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తర్వాత ఈ పని బాగా విస్తరించింది. దేశ విభజన శరణార్థుల కోసం 1947లో ప్రొటెస్టెంటు సంఘాలు మొదలుపెట్టిన కాసా, తీరం పొడవునా తుపాను ఆశ్రయాలు కట్టింది. కతోలికులకు 1962లో ఏర్పడిన కారితాస్ ఇండియా ఉంది. అమెరికాలో మిలార్డ్, లిండా ఫుల్లర్ దంపతులు 1976లో స్థాపించిన హేబిటాట్ ఫర్ హ్యుమానిటీ భారతదేశంలో తొలి అడుగు పెట్టింది మన ఖమ్మంలోనే, 1983లో. ఇల్లు పొందే కుటుంబం కూడా చెమటోడ్చాలి, డబ్బు వాయిదాల్లో తిరిగి కట్టాలి, అది తర్వాతి ఇంటికి పనికొస్తుంది. ఇదీ దాని పద్ధతి.

సీమలో ఇళ్ళు కట్టినవాళ్ళలో విన్సెంట్ ఫెర్రర్‌ను చెప్పకుండా ఉండలేం. 1969లో అనంతపురం వచ్చి, జెసూట్ సభ నుంచి బయటికొచ్చి, ఆయన నడిపిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు చర్చి సంస్థ కాదు. ఇల్లు ఆడమనిషి పేర ఉండాలని పట్టుబట్టే అలవాటును సీమ పల్లెల్లో పాదుకొల్పినవాళ్ళలో ఆ సంస్థ ముందుంటుంది. చర్చి బృందాలు దాని నుంచి చాలా నేర్చుకున్నాయి.

2009 అక్టోబరు

కరువు సీమ మునుగుతుందని ఎవరూ అనుకోలేదు. 2009 సెప్టెంబరు చివర్లో కర్ణాటకలోనూ, కర్నూలు చుట్టుపక్కలా కుండపోతగా వానలు పడ్డాయి. అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి కర్నూలు నగరంలోకి వచ్చాయి. సుంకేసుల కట్ట తెగింది. మంత్రాలయం మునిగింది, అవతలి గట్టున ఆలంపురం మునిగింది. శ్రీశైలం జలాశయానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది. పూర్తి మట్టం 885 అడుగులైతే నీళ్ళు 896 అడుగులు దాటాయి. కర్నూలు పాతబస్తీలో పై అంతస్తులున్నవాళ్ళు మేడలెక్కారు, లేనివాళ్ళు ఎత్తైన వీధులకు పరుగెత్తారు.

కారితాస్, కాసా వంటి సంస్థలు తమ జాతీయ యంత్రాంగంతో వచ్చాయి. అప్పుడు కర్నూలు కతోలిక పీఠానికి బిషప్పుగా ఉన్నది పూల ఆంథోనీ. ఆయన ఈ జిల్లాలోనే పుట్టినవాడు, తర్వాత హైదరాబాదు ఆర్చిబిషప్పై, 2022లో కార్డినల్ అయ్యారు. అయితే మొదటి వారం పని పెద్ద సంస్థలది కాదు. నీళ్ళు తీసిన మర్నాడు ఇంటిలోపల మోకాలి లోతు బురద, తడిసి పులిసిన బియ్యపు బస్తాల వాసన, ఒకదానికొకటి అతుక్కుపోయిన పిల్లల పుస్తకాలు. వీటి ముందు ఏ నివేదికా పనికిరాదు. కావలసింది పార, తట్ట, నలుగురు మనుషులు.

బయల్దేరే ముందు

బృందం తయారయ్యే తీరు చర్చిని బట్టి మారుతుంది కానీ, మొదటి అడుగు ఒకటే. ఆదివారం ఆరాధన చివర్లో పాస్టరు ప్రకటన చేస్తాడు, యవ్వనస్థులు పేర్లిస్తారు. కతోలిక విచారణల్లో విన్సెంట్ డి పాల్ సభ వాళ్ళు ముందుంటారు. స్త్రీల మైత్రి సభ్యులు రోజూ వంటకు ముందు తీసి పక్కన పెట్టే పిడికెడు బియ్యం ఇలాంటప్పుడే బయటికొస్తుంది. కోత పండుగలో వేలం వేసిన జొన్నలు, గుమ్మడికాయల డబ్బు కూడా ఇందులోకే పోతుంది. పాత బట్టలు తెమ్మనకపోవడం మంచిది. వరద ఊళ్ళలో రోడ్డు పక్కన తడిసి కుప్పలుపడ్డ పాత చీరలను ఎవరూ తాకరు, చివరికి వాటిని ఎత్తిపోయడమే ఇంకో పని అవుతుంది.

వెళ్ళేవాళ్ళకు ధనుర్వాతం టీకా, గమ్‌బూట్లు, చేతి తొడుగులు కావాలి. చెత్త కింద పాములు చేరి ఉంటాయని, కర్రతో కదిపి గానీ చెయ్యి పెట్టకూడదని చెబుతారు. అన్నిటికన్నా ముఖ్యం ఒక బేల్దారిని వెంట తీసుకుపోవడం. ఎందుకంటే సీమ ఇల్లు వేరే రకం.

పాత మిద్దె గోడ రాళ్ళను మట్టి అడుసుతో పేర్చి కట్టింది. పైన దూలాలు, వాటి మీద దంతెలు, ఆ పైన నీళ్ళు దిగకుండా చౌడుమట్టి. కడప, బేతంచెర్ల వైపు చౌడుమట్టికి బదులు నాపబండలే పరుస్తారు. వానకు తట్టుకునేలా కట్టిన కప్పు అది, కిందనుంచి వచ్చే నీటికి కాదు. వరద గోడ మొదట్లో అడుసును నానబెట్టి మెత్తగా చేస్తుంది. పైన టన్నుల బరువు అలాగే ఉంటుంది. నీళ్ళు తీశాక, ఎండ కాసి గోడ ఆరేటప్పుడు, రెండో రోజో నాలుగో రోజో గోడ బీటిచ్చి కప్పు కూలుతుంది. వరదను తప్పించుకున్నవాళ్ళు సామాను కోసం లోపలికి పోయి చనిపోయే ప్రమాదం ఇక్కడే. అందుకని బేల్దారి ముందు ఇంటి చుట్టూ తిరిగి, గోడకు తూకం గుండు పట్టి చూసి, దూలాల కింద సరుగుడు వాసాలు నిలబెట్టిస్తాడు. ఆ తర్వాతే బురద ఎత్తడం. గోడ వెంబడి బురద ఒక పక్కే తోడితే ఇంకో పక్క ఒత్తిడికి గోడ వాలుతుంది కాబట్టి రెండు వైపులా సమంగా తోడాలి. ఉత్సాహంగా వచ్చిన కాలేజీ కుర్రాళ్ళకు ఇది ఎవరో ఒకరు చెప్పి తీరాలి.

కాగితాల పని కూడా తక్కువది కాదు. రేషను కార్డు, పట్టా, పాసు పుస్తకం నీటిపాలైతే నష్టపరిహారం జాబితాలో పేరెక్కదు. ప్రతి బృందంలో రాయడం వచ్చిన ఒకరిద్దరు దరఖాస్తులు రాయడానికే కూర్చుంటారు. ఇందులో క్రైస్తవులకు ప్రత్యేకమైన చిక్కొకటుంది. క్రైస్తవులుగా నమోదైన దళితులు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సీ కిందికి వస్తారు. ఒకే వాడలో, పక్కపక్క ఇళ్ళలో, ఒకే నీళ్ళలో మునిగినా, ఎస్సీలకని గృహ పథకాల్లో కేటాయించినవి వీళ్ళకు వర్తించవు.

కడప వైపు

కడప నగరం 2001లో బుగ్గవంక వరదను చూసింది. 2020 నవంబరులో మళ్ళీ చూసింది. వీటిని మించినది 2021 నవంబరు 19న చెయ్యేరు మీద జరిగింది. ఎగువన పింఛా ప్రాజెక్టు నుంచి వచ్చిన వరద తాకిడికి అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెల్లవారుజామున తెగిపోయింది. ఆ రోజు కార్తీక పున్నమి. ఏటి ఒడ్డు శివాలయానికి దీపాలు పెట్టడానికి పోయినవాళ్ళు కూడా కొట్టుకుపోయారు. దివిసీమ ఉప్పెనకు సరిగ్గా 44 ఏళ్ళు నిండిన రోజది. రాజంపేట మండలంలో పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు ఊళ్ళు దెబ్బతిన్నాయి. ఇళ్ళున్నచోట పునాది రాళ్ళు, పొలాలున్నచోట ఇసుక మేటలు మిగిలాయి.

ఇక్కడ బురద తోడే పని కన్నా కఠినమైన పని ఎదురైంది, ఇంటి జాగాయే లేకపోవడం. ఏటి పక్క మళ్ళీ కడితే మళ్ళీ పోతుంది. ప్రభుత్వం 5 సెంట్ల చొప్పున స్థలం, ఇల్లు ప్రకటించింది. ఆ ఇళ్ళ పని ఏళ్ళ తరబడి సాగింది. ఆ నడుమ కాలంలో రేకుల షెడ్లలో ఉన్నవాళ్ళ దగ్గరికి ఎవరు వెళ్ళారన్నదే ఏ సేవాబృందానికైనా అసలు పరీక్ష. వారం రోజుల తర్వాత సాయం తెచ్చే వాహనాలు ఆగిపోతాయి, ఇంటి పని అప్పుడే మొదలవుతుంది.

డబ్బు, చట్టం

విదేశీ సాయం మీద 1976 నుంచి చట్టం ఉంది. 2010లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది, 2020 సెప్టెంబరులో దాన్ని ఇంకా బిగించారు. అప్పటి నుంచి విదేశీ నిధి తీసుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదలాయించకూడదు. ఢిల్లీలోనో చెన్నైలోనో ఉన్న పెద్ద సంస్థ నంద్యాలలోనో జమ్మలమడుగులోనో ఉన్న చిన్న సంఘానికి డబ్బు పంపే దారి దీంతో మూసుకుపోయింది. 2024లో కాసాకు విదేశీ నిధుల అనుమతే రద్దయింది. పర్యాటక వీసా మీద వచ్చి మతప్రచారం చేయడం చట్టవిరుద్ధం కాబట్టి విదేశీ బృందాల రాక కూడా పలచబడింది.

విదేశీ బృందాలు తగ్గడం వల్ల నష్టం తక్కువే. అమెరికా నుంచి పదిమంది వచ్చి పోయే విమాన ఖర్చుతో ఎన్నో మిద్దెలకు దూలాలు మార్చవచ్చు, స్థానిక బేల్దారులకు నెలల తరబడి కూలి ఇవ్వవచ్చు. నిధుల దారి మూసుకుపోవడం మాత్రం నిజంగా బాధాకరం, ఎందుకంటే పల్లె సంఘాల చేతిలో మిగిలింది కానుకల పెట్టె, కోత పండుగ వేలం, పిడికెడు బియ్యం. వీటితో బురద ఎత్తగలరు, గోడకు వాసాలు ఆనించగలరు, దరఖాస్తులు రాయగలరు, నెల్లాళ్ళు అన్నం పెట్టగలరు. కొత్త ఇల్లు కట్టాలంటే ప్రభుత్వ గృహ పథకం మంజూరు కావాలి. దాని జాబితాలో పేరు ఎక్కించడానికి గ్రామ సచివాలయం చుట్టూ తిరగడం ఇప్పుడు సీమలో చర్చి సేవాబృందాల పనిలో పెద్ద భాగం.