మోచేతి దగ్గర మొదలయ్యే కొలత

మహానంది గుడి ముందు పూలదండ ధర ఇప్పటికీ మూరల్లోనే పలుకుతుంది. అరటినారతో కట్టిన మల్లెదండ కొసను అమ్మే ఆవిడ నడిమివేలి చివర పట్టుకుని, ముంజేతి మీదుగా మోచేతి దాకా లాగి మూర అంటుంది. తెంపేముందు నాలుగు వేళ్ల మేర కొసరు వదులుతుంది. మనిషికో పొడవుండే చేతిని కొలబద్దగా వాడటం వెనకటివాళ్ల అమాయకత్వమని, సరైన స్కేలు లేక చేసిన పనని తేలిగ్గా కొట్టిపారేయొచ్చు. కానీ ముంజేతి నిర్మాణం చూసినా, మహానంది నుంచి ఆళ్లగడ్డ దాకా రాతిపనికి ఆధారమైన శాస్త్రాలు చూసినా ఆ మాట నిలవదు. ఒంట్లో అన్ని భాగాలుండగా మూరకు మోచేతినే ఎంచుకోవడంలో తెలివి ఉంది. ఆ కొలతకున్న లోపం కూడా దాన్ని వాడినవాళ్లకు బాగా తెలుసు.

మోచేతి దగ్గర మూడు ఎముకలు కలుస్తాయి. పైది భుజాస్థి. కింద బొటనవేలి వైపున ఉండేది రత్ని, చిటికెనవేలి వైపున ఉండేది అరత్ని. అరత్ని పైకొస కొక్కెంలా వంగి, భుజాస్థి చివర కప్పీలా ఉన్న గాడిలో కూర్చుంటుంది. అందుకే మోచేయి తలుపు మడతబందులా ఒకే దిక్కుకు మడుస్తుంది. చేయి మడిచినప్పుడు వెనక పొడుచుకొచ్చే మొన ఆ కొక్కెం వెనకభాగమే. దాని మీద కండ ఉండదు, చర్మమే ఉంటుంది కాబట్టి కొలత ఎక్కడ మొదలుపెట్టాలో వేలితో తడిమి చెప్పొచ్చు. భుజం దగ్గర ఈ వీలు లేదు. అక్కడి కీలు నలుదిక్కులా తిరుగుతుంది, దాని చుట్టూ దళసరి కండ ఉంటుంది. ఇక అరచేతిని బోర్లించినా వెల్లకిలా తిప్పినా తిరిగేది ప్రధానంగా రత్నే. బోర్లించినప్పుడు అది అరత్ని మీదుగా అడ్డంగా వస్తుంది, అరత్ని మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. కాబట్టి చేతిని ఎలా తిప్పి పట్టుకున్నా మోచేతి మొనకూ మణికట్టుకూ మధ్య దూరం చెప్పుకోదగ్గంత మారదు. మొదలు స్థిరంగా ఉండి, మధ్యలో వంగని కొలబద్దను మన ఒంట్లో వెతికితే దొరికేది ఇదే.

ఆ ఎముకల పేర్లే చరిత్ర చెబుతాయి. మన జీవశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో ఎముకలుగా కనిపించే రత్ని, అరత్ని సంస్కృతంలో కొలతల పేర్లు. పిడికిలి బిగించిన చేతిని మోచేతి నుంచి కొలిస్తే రత్ని, అదే పిడికిలిలో చిటికెనవేలు చాపి దాని కొస దాకా కొలిస్తే అరత్ని. యజ్ఞవేదికల లెక్కలు చెప్పిన బౌధాయన శుల్బసూత్రం అరత్నిని 24 అంగుళాలుగా నిర్ణయించింది. ఇక్కడ అంగుళమంటే వేలి వెడల్పంత కొలత, మన స్కేలు అంగుళం కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం కూడా మామూలు హస్తానికి, అంటే మూరకు, 24 అంగుళాలే ఇచ్చి, పచ్చికబయళ్లను కొలవడానికి 28, కోటలూ దండు విడిదుల దగ్గర వడ్రంగిపనికి 42 అంగుళాల కొలతలను వేరుగా చెప్పింది. ప్రాచీన ఈజిప్టులో రాచమూర 28 వేళ్లది. లాటిన్‌లో మోచేతిని చెప్పే మాటే మూరకూ పేరైంది. ఇన్ని దేశాలు ఒకరినొకరు చూసి నేర్చుకున్నాయని అనుకోనక్కర్లేదు, అందరి చేతిలోనూ అదే కీలుంది.

మరి చేతుల పొడవు మనిషి మనిషికీ మారుతుంది కదా అన్న అభ్యంతరం బలమైనదే. దానికి జవాబు శిల్పశాస్త్రాలే ఇచ్చాయి. అవి అంగుళాన్ని మూడు రకాలు చేశాయి. ఎనిమిది యవల (బార్లీ గింజల) వెడల్పుతో తేల్చేది మానాంగుళం. యజమాని లేదా ఆచార్యుడి నడిమివేలి మధ్యకణుపుతో తేల్చేది మాత్రాంగుళం. చెక్కబోయే విగ్రహం ఎత్తునే భాగాలు చేసి తీసేది దేహలబ్ధాంగుళం. ఈ మూడోదానితో శిల్పి చేయి పొట్టిదా పొడుగుదా అన్న ప్రశ్నే పోతుంది, ఎందుకంటే విగ్రహం తన కొలబద్దను తనలోనే మోస్తుంది. రాతిశిల్పాలకు పేరుపడిన ఆళ్లగడ్డ ఉన్నది నంద్యాలకు దక్షిణాన. అక్కడ ఈ రోజు కటింగ్ యంత్రాలున్నాయి, టేపులున్నాయి. అయినా మూడడుగుల విగ్రహాన్ని నవతాళంలో, అంటే ముఖానికి తొమ్మిది రెట్ల ఎత్తుతో చెక్కాలంటే 36 స్కేలు అంగుళాల ఎత్తును 108 భాగాలు చేయాల్సిందే. ఒక్కో భాగం మన స్కేలు అంగుళంలో మూడో వంతు, ముఖానికి 12 భాగాలు, అంటే 4 అంగుళాలు. టేపు ఎత్తు చెబుతుంది, పోలిక కుదిర్చేది తాళం. గుడి కట్టడంలోనూ అంతే. మహానందీశ్వరుడి గర్భగుడి మీది శిఖరం చాళుక్యుల నాటి నాగర శైలిది, తర్వాతి గోపురాలు ద్రావిడ శైలివి. రూపం ఎంత వేరైనా ఆ రెండు సంప్రదాయాల వాస్తుగ్రంథాలూ లెక్కను అంగుళంతో, హస్తంతోనే మొదలుపెడతాయి.

మూరను వెనకేసుకొచ్చి మీటరును తప్పుపట్టడం ఇక్కడి ఉద్దేశం కాదు. భూమికీ గుడ్డకూ మూర పోవడం న్యాయమే. కొలిచేవాడి చెయ్యి బలవంతుడి చెయ్యి అయినచోట నష్టపోయేది బలహీనుడే. 1956 నాటి తూనికలు కొలతల ప్రమాణాల చట్టం మెట్రిక్ పద్ధతిని తెచ్చింది. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం ప్రామాణిక యూనిట్లలో తప్ప వేరే కొలతల్లో ధర చెప్పకూడదంటుంది. ఆ లెక్కన గుడి ముందు మూరబేరం చట్టానికి ఎదురే. అయినా అది నిలవడానికి కారణం ఉంది. పూలదండ విలువ పొడవొక్కదానిలో లేదు. పూలు ఎంత ఒత్తుగా కట్టారు, మొగ్గలా వాడినవా, మధ్యలో మరువమో కనకాంబరమో ఎంత కలిపారు అన్నవి కూడా చూసే కొంటారు. పొడవు కొనేవాళ్ల కళ్లెదుటే తేలుతుంది, చేయి పొట్టిదైతే కొసరు అడుగుతారు. పొరపాటు జరిగినా నాలుగు పూల దగ్గరే ఆగిపోయేచోట చేయి చాలు, పొలం గట్టు కదిలేచోట చాలదు.

కొలతను ఒంటి నుంచి పూర్తిగా విడదీశామనుకోవడం కూడా తొందరపాటే. బారెడు పొద్దెక్కిందని అంటూనే ఉన్నాం, బార అంటే నాలుగు మూరలు. అందని ఆశను మోచేతికి రాసిన బెల్లమంటాం. మోచేతి నుంచి భుజం దాకా ఉన్న ఎముక వంగదు కాబట్టే ఆ బెల్లం నాలుకకు అందదు. మూర పాతబడిందని అడుగుల్లో విగ్రహం పురమాయించేవాళ్లు ఒకటి మరిచిపోతారు. అడుగు కూడా ఒంటి నుంచి తీసుకున్నదే, కాకపోతే దాన్ని కాలి నుంచి తీశారు.