జీవశాస్త్ర బోధయు జీవన సందర్భమును: కర్నూలు, కడప మండలముల చరిత్ర దృష్టితో

పాఠశాలలలో జీవశాస్త్రమును ఏ మార్గమున బోధింపవలెనను విషయమున విద్యావేత్తలలో రెండు పక్షములు కలవు. కణము మొదలు అనువంశికత వఱకు గల శాస్త్రక్రమమును చెడనీయక బోధింపవలెనని ఒక పక్షము. విద్యార్థి కన్నులయెదుటనున్న పొలమును, కాలువను, రోగమును ఆధారముగా గొని, వానియందలి ధర్మాధర్మ విచారముతో కూడ బోధింపవలెనని రెండవ పక్షము. ఈ వాదము నిన్న మొన్న పాశ్చాత్యదేశములనుండి వచ్చినదని తలచువారు కలరు. దీని మూలములు మన సీమలో రెండువందల యేండ్లనాటి విద్యాచరిత్రలోనే కానవచ్చుచున్నవి. కర్నూలు, కడప మండలములనుండి కొన్ని ఘట్టములను గైకొని ఈ ప్రశ్నను పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. ఇచట ఆ మండలములనగా 2022 నాటి విభజనకు పూర్వమున్నవని గ్రహింపవలెను. తెలుగుశాఖవానికి జీవశాస్త్రముతో నేమి పనియని అడుగవచ్చును. పేళ్లతో పని, అది ముందు తేటపడగలదు.

సర్ తామస్ మన్రో 1822లో దేశీయ పాఠశాలల స్థితిని తెలుపుడని మండలాధికారులను కోరెను. దానికి బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823లో వ్రాసిన ప్రత్యుత్తరము విద్యాచరిత్రకారులకు సుపరిచితము. తన మండలమున 533 పాఠశాలలున్నవని లెక్క తెలిపిన ఈయన తెలుగునకు వ్యాకరణము రచించినవాడే. దేశీయ బడులలోని మితవ్యయమును, పెద్ద విద్యార్థులు చిన్నవారికి చెప్పు పద్ధతిని మెచ్చుకొనెను. కాని బాలురు వల్లించు పద్యముల యర్థము వారికి చిలుకకు తెలిసినంతయే తెలియునని ఆక్షేపించెను. కర్నూలు 1839 వఱకు నవాబుల యేలుబడిలో నుండుటచే ఆ విచారణలో చేరలేదు గాని, అచటి వీథిబడి స్థితి వేఱుగా నుండెనని తలచుటకు కారణము కనబడదు. నాటి బాలుడు బడిలో పద్యమును, బడి వెలుపల పశువును, పైరును, మూలికను నేర్చుచుండెను. ఈ రెండు విద్యలకు నడుమ వంతెన లేదు. తరువాత వచ్చిన ఆంగ్లపద్ధతి పద్యమునకు బదులు పాఠ్యపుస్తకమును తెచ్చెను. వంతెనను మాత్రము కట్టలేదు.

కట్టజూచినవారు లేకపోలేదు. 1906లో హైదరాబాదున స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలి స్థాపకులలో నొకరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు కర్నూలున జన్మించినవారు. మండలి గ్రంథమాల ఆయన రచించిన లింకను చరిత్రతో ప్రారంభమై, ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రమునకును తావిచ్చినది. జీవశాస్త్రమును తెలుగున చెప్పవచ్చునని ఆ తరమువారు నిరూపించిరి. 1937లో వార్ధాలో రూపొందిన మౌలికవిద్యాపథకము చేతిపనిని బోధకు కేంద్రముగా నిలుపజూచినది. ఆ పథకము మన పాఠశాలలలో రాట్నముగా మిగిలినదే గాని జీవశాస్త్ర పాఠముగా మారలేదు.

ఇక మొదటి పక్షమువారికి బలమిచ్చు నిదర్శనమును ముందుగా చెప్పుట న్యాయము. అది చలిజ్వరము. తుంగభద్రపై సుంకేసుల ఆనకట్టనుండి కడప వఱకు సాగు కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1863లో ప్రారంభించి 1870 ప్రాంతమున ముగించెను. 1882లో ప్రభుత్వము దానిని కొనెను. కరువుసీమకు కాలువ భాగ్యమే. అయితే కడప జ్వరములకు పేరుమోసిన ఊరు. 1896లో తండ్రికి బదిలీ కాగా మదనపల్లెనుండి కడపకు వచ్చిన జిడ్డు కృష్ణమూర్తి అచట మలేరియా పాలై, బాల్యమంతయు ఆ జ్వరముచే పీడింపబడెనని ఆయన జీవితచరిత్రలు తెలుపుచున్నవి. నిలువనీటికిని జ్వరమునకును సంబంధము కలదని జనులు ఎఱుగుదురు. కాని ఆ సంబంధమెట్టిదో అనుభవము చెప్పలేదు, చెడుగాలియని భావించిరి. మలేరియా యను పేరునకు ఇటలీ భాషలో అర్థమును అదియే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపును కోసి సూక్ష్మదర్శినిలో చూచినదాక గుట్టు తెలియలేదు. కాలువగట్టుననే పుట్టి పెరిగినవాడైనను దోమ కడుపులో జరుగుదానిని కంటితో చూడజాలడు. సందర్భము ప్రశ్నను లేవదీయును. సమాధానము శాస్త్రక్రమమునుండియే రావలెను. ఈ మాటను రెండవ పక్షమువారు తఱచు మఱతురు. "పరిసరములను చూపిన చాలును, పిల్లలే నేర్చుకొందురు" అనునది వినుటకు ఇంపైన మాట మాత్రమే.

కాని ఇదే న్యాయమును ప్రత్తిచేనికి అన్వయించినచో తక్కెడ రెండవవైపు మొగ్గును. ఈ ఘట్టమును కొంత విస్తరింపక తప్పదు.

1970లో సి. టి. పటేల్ సూరతున తొలి వాణిజ్య సంకర ప్రత్తిని వెలయించిన పిమ్మట సంకర విత్తనోత్పత్తి ఆంధ్రదేశమునకు ప్రాకి, కర్నూలు మండలము దానికి ముఖ్యస్థానములలో నొకటియయ్యెను. సంకర విత్తనము దానంతట పుట్టదు. సాయంకాలము, మఱునాడు విచ్చబోవు మొగ్గను ఎంచి, దాని రేకులను, కేసరములను గోటితో ఒలిచి, గుర్తు పెట్టవలెను. మఱునాటి యుదయమున మగవరుసలోని పూవును త్రుంచి, దాని పుప్పొడిని ఒలిచిన పూవు కీలాగ్రముపై అద్దవలెను. ఒక మగపూవు పలు ఆడపూలకు సరిపోవును. ఈ పనిని నెలల తరబడి, దినమునకు వందలకొలది పూలకు చేయవలెను. పల్లెలలో దీనిని "క్రాసింగు" అందురు. ఈ పని చేసినవారిలో అధికభాగము బాలికలని 1990ల చివరనుండి జరిగిన పరిశోధనలు పలుమార్లు తెలిపినవి. కూలి తక్కువ, చెప్పినట్లు విందురు, వ్రేళ్లు చిన్నవి యని యజమానులు చెప్పిన కారణములు. బహిష్టైన స్త్రీ చేనిలో అడుగుపెట్టిన పైరు చెడునను నమ్మకముచే ఈడేరని పిల్లలనే కోరువారును కలరని పరిశోధకులు నమోదు చేసిరి.

ఈ సంగతిని జీవశాస్త్ర పుస్తకముప్రక్కనుంచి చదువవలెను. పదవతరగతి అనువంశికతాధ్యాయమున మెండెలు బఠానీ మొక్కల వృత్తాంతము కలదు. 1866లో ప్రచురితమైన ఆయన ప్రయోగములలో ప్రధానకర్మ, మొగ్గదశలో కేసరములను తొలగించి, వేఱు మొక్క పుప్పొడిని అద్దుటయే. అనగా మెండెలు మఠపు తోటలో చేసిన పనినే, ఆయన పేరు విననైన వినని బాలిక ప్రత్తిచేనిలో చేయుచుండెను. బడిలో కూర్చున్న బాలుడు ఆ పాఠమును వల్లించుచుండెను. వాని చెల్లెలు దానిని చేతులతో చేయుచు బడికి దూరమయ్యెను. క్యాంబెల్ చూచిన వీథిబడిలో వలెనే ఇచటను విద్యలు రెండు, వానినడుమ వంతెన లేదు.

ఇచట సందర్భము శాస్త్రమును పలుచన చేయుట లేదు. దానికే దారి తీయుచున్నది. సంకర విత్తనమును రైతు ఏటేట ఎందులకు కొనవలెను? ఈ యేటి పంటనుండి తీసిన గింజలను వచ్చే యేట చల్లిన ఏమగును? కంపెనీ మోసమని కొందఱు, భూమి సారము చెడినదని కొందఱు చెప్పుదురు. అసలు సమాధానము మెండెలు సూత్రమందున్నది: రెండవతరమున లక్షణములు విడివడును, చేను ఏకరీతిగా నుండదు. పృథక్కరణ సూత్రమని పుస్తకమున శుష్కముగా కనిపించునది రైతు అప్పుపత్రమున ఒక పద్దు. 2002లో బీటీ ప్రత్తికి అనుమతి లభించిన పిమ్మట ఈ పద్దు మఱింత బరువెక్కినది. ఇక ధర్మప్రశ్నను వెలుపలినుండి తెచ్చి అతికింపనక్కఱ లేదు. పూవును ఎవరు ఒలిచిరి, ఆమె ఆ దినమున ఎచట నుండవలసినది అని అడిగిన చాలును. బహిష్టు నమ్మకమును ప్రశ్నించుటకు ప్రత్యుత్పత్తి అధ్యాయముకంటె తగిన చోటు లేదు. ఆ అధ్యాయమును "మీరే చదువుకొనుడు" అని దాటవేయు ఉపాధ్యాయులు మనలో అనేకులుండుట విచారకరము. విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చినది. అది పిల్లను బడికి తేగలదే గాని, ఆమె చేతులు నేర్చినదానిని పాఠములో చేర్చజాలదు.

కడప మండలమునకు వచ్చినచో కలివికోడి వృత్తాంతము. వైద్యుడైన జెర్డన్ పంతొమ్మిదవ శతాబ్ది నడుమ శాస్త్రలోకమునకు తెలిపిన ఈ పక్షి 1900లో అనంతపురము చెంత కనబడిన పిమ్మట మఱి కానరాక, నశించినదని తలపబడెను. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి అన్వేషణలో లంకమల అడవిచెంత మరల లభించెను. కనుగొన్నవాడు శాస్త్రజ్ఞుడు కాడు. రాత్రివేళ దీపముతో వేటాడు అలవాటు గల స్థానికుడు. కలివిపొదల నడుమ తిరుగు కోడి గనుక కలివికోడి యని ఆ సీమవారి పిలుపు. ఆవాసమంతయు పేరులోనే ఇమిడినది. లాటిను పేరు మెడలోని రెండు పట్టెలనే చెప్పుచున్నది. శాస్త్రజ్ఞులకు అపురూపమైనది వేటగానికి పేరుగల పక్షి. అయితే పట్టుబడిన పక్షి కొద్ది దినములలోనే మరణించినది. ఉన్నదని తెలిసికొనుటకు ఒకదానిని కోల్పోవలసివచ్చెను. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడెను. 2005 ప్రాంతమున తెలుగుగంగ కాలువ త్రవ్వకము పక్షియావాసమును తాకగా, వివాదము చెలరేగి, తుదకు కాలువ దారి మార్చబడెను.

ఈ వృత్తాంతమును తరగతిలో చెప్పునపుడు కాలువను దుష్టునిగా, పక్షిని సాధువుగా చిత్రించుట సులభము. కరువుసీమ బాలుని యెదుట అది అన్యాయము. నీరు వాని యింటి ప్రశ్న. కర్నూలు మండలములో రోళ్లపాడున బట్టమేకపిట్టకై 1988లోనే అభయారణ్యము ఏర్పడగా, రక్షణలో కృష్ణజింకలు పెరిగి చుట్టుపట్ల పొలములపై పడినవి. రైతు మొఱ పెట్టుకొనెను. బట్టమేకపిట్ట మాత్రము అచట నిలువలేదు. అభయారణ్యము వేసినంతనే పక్షి బ్రదుకునా, రైతు నష్టమును ఎవరు భరింపవలెను అనునవి ఉపాధ్యాయునికిని సిద్ధసమాధానము లేని ప్రశ్నలు. అట్టివానిని తరగతిలో వేయుటకు మన బోధకులు జంకుదురు.

జంతుచ్ఛేదన విషయమును క్లుప్తముగా చెప్పుదును. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో చేసిన కృషికి ఫలముగా వచ్చిన 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమే, పుస్తకములు, నమూనాలు, చలనచిత్రములు చాలినచోట జంతువులపై ప్రయోగము వలదని సూచించినది. కళాశాలలు దానిని అనుసరించుటకు అర్ధశతాబ్దికి పైగా పట్టినది. జీవశాస్త్రమున నీతి కొత్తగా చొరబడినదను వాదమునకు ఇది చాలిన ప్రత్యుత్తరము.

2011లో సమైక్యరాష్ట్రమున వెలువడిన విద్యాప్రణాళికా చట్రము, దానిననుసరించి వచ్చిన పాఠ్యపుస్తకములు, ఈ రెండవ పక్షమును అధికారికముగా అంగీకరించినవి. విలువలు పాటించుట, నిత్యజీవిత వినియోగము, జీవవైవిధ్యముపట్ల సానుభూతి అనువానిని విద్యాప్రమాణములలో చేర్చినవి; పరీక్షలో వానికి మార్కులను కేటాయించినవి. ఇచటనే దోషము కలదని నా యభిప్రాయము. మార్కులకై అడిగిన సానుభూతికి మార్కులకు తగిన సమాధానమే వచ్చును. "మొక్కలను నాటవలెను, జంతువులను ప్రేమింపవలెను" అను వాక్యములు మార్గదర్శినులలో అచ్చుపడి, క్యాంబెల్ నాటి పద్యములవలె కంఠస్థమైనవి. పుస్తకమున కొల్లేటి వృత్తాంతమున్నది, మంచిదే. కడప బాలునికి కొల్లేరు ఎంత దూరము! లంకమల అయినచో బడి కిటికీనుండి కొందఱికి కనబడును. 2024-25నుండి ఆంధ్రప్రదేశమున పదవతరగతికి జాతీయ పుస్తకములు వచ్చినవి. ప్రమాణమున అవి దృఢములే. కాని సహజవనరుల నిర్వహణాధ్యాయము అంతకుముందే వానినుండి తొలగింపబడినది. దేశమంతటికి ఒకే పుస్తకమైనపుడు కలివికోడికి అందు చోటుండదు. ఆ భారము ఉపాధ్యాయునిపై పడును.

ఉపాధ్యాయునికి కావలసిన సామగ్రిలో కొంత తెలుగుశాఖలే ఇయ్యగలవు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటమును మన విద్యార్థులు భాషాశాస్త్ర దృష్టితోనే చదువుచున్నారు. అది జీవశాస్త్ర బోధకునికి కూడ పనికివచ్చు గ్రంథమని ఎవరును చెప్పినట్లు లేదు. సంకర ప్రత్తి దాని తరువాత వచ్చినది గనుక, పూవును ఒలుచుట, అద్దుట, గుర్తుకట్టుటలకు నంద్యాల సీమ పొలములలో పుట్టిన మాటలు అందుండుటకు వీలు లేదు. ఆ మాటలను పలికినవారిలో పలువురు నేడు నలుబదియేండ్లకు చేరువైన స్త్రీలు; వారి బిడ్డలు బడిలో మెండెలును చదువుచున్నారు. ఆ పదములను సేకరింపదలచిన పరిశోధకుడు తల్లులయొద్దకు పోవలెను, పోవునపుడు ఆ యూరి జీవశాస్త్రోపాధ్యాయుని వెంట గొనిపోవలెను.