మామిడికి గేటు, ఎండకి సుంకం: నూజివీడు మెట్ట నుంచి వాణిజ్య సూత్రాల చరిత్ర

1991 డిసెంబరులో డంకెల్ ముసాయిదా బయటికొచ్చినప్పుడు తెలుగునాట పెద్ద చర్చే జరిగింది. విత్తనం పోతుందన్నారు, సబ్సిడీలు పోతాయన్నారు, దేశ సార్వభౌమత్వమే పోతుందన్నారు. 1994 ఏప్రిల్ 15న మరకేష్‌లో సంతకాలయ్యాయి. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ పుట్టింది. ఆ చర్చలో ఎక్కువ భాగం 'రైతు' పేరు మీద, 'దేశం' పేరు మీద నడిచింది. సెంటు భూమి లేని మాల మాదిగ కూలీకి ఈ ఒప్పందంలో ఏముంది అన్న ప్రశ్న అంచుల్లోనే ఉండిపోయింది.

ఆ సూత్రాలే ఇప్పుడు కరెంటు దాకా వచ్చాయి. బొగ్గు తగ్గించి ఎండతో, అణువుతో కరెంటు తీస్తామని ప్రభుత్వాలు అంటున్నాయి. ఆ కరెంటు ఎవరి సరుకుతో, ఏ ధరకి తీయాలో మాత్రం జెనీవాలోనూ ఢిల్లీలోనూ తేలుతోంది. ఇదంతా దేశానికీ దేశానికీ మధ్య తగాదాగానే మనకి చెబుతున్నారు. దేశం లోపల ఎవరికి తగిలింది, ఎవరికి కలిసొచ్చింది అన్నది చూడాలంటే ఊళ్లోకి రావాలి. అందుకు నూజివీడు మామిడి నేలని తీసుకుంటున్నాం.

తోట ఎవరిది?

నూజివీడు పేరు చెబితే చిన్నరసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయ గుర్తొస్తాయి. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెం దాకా మెట్ట నేలల్లో తోటలే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు పాత కృష్ణా జిల్లాలోంచి నూజివీడు ఏలూరు జిల్లాలోకి, విస్సన్నపేట, రెడ్డిగూడెం ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి. జిల్లా మారినా తోట మాత్రం చేతులు మారలేదు.

నూజివీడు ఒకప్పుడు అప్పారావుల జమీందారీ. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీని తీసేసింది. అయితే పట్టా ఎవరికిచ్చింది? రికార్డుల్లో రైతుగా ఉన్నవాడికి ఇచ్చింది. జమీందారు సొంత సేద్యం కింద ఉన్న భూమి జమీందారుకే మిగిలింది. తరతరాలుగా ఆ నేల దున్నిన పాలేరు రికార్డులో రైతు కాదు, కాబట్టి చట్టం కంట పడలేదు. ఇప్పటికీ లెక్క పెద్దగా మారలేదు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో షెడ్యూల్డు కులాలవాళ్లు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ లెక్కల ప్రకారం వాళ్ల చేతిలో ఉన్న సాగు విస్తీర్ణం 9 శాతం లోపే.

తోట యజమాని పూత మీదో పిందె మీదో గుత్తకిచ్చేస్తాడు. గుత్తదారు ఢిల్లీ ధర చూసుకుని లారీలెక్కిస్తాడు. దోటి పట్టి, చిక్కంలోకి కాయ దించి, సొన పడి చేతులు కాల్చుకునేవాళ్లు, ఏరి, తుడిచి, ట్రేలకెత్తేవాళ్లు పేటల నుంచే ఎక్కువమంది వస్తారు. కాపు ఉన్న రెండు మూడు నెలలే ఆ పని. కాపు తప్పిన ఏడాది యజమానికి భూమైనా మిగులుతుంది. కూలీకి ఆ పనీ ఉండదు.

ఒకే బల్ల మీద మామిడిపండూ అణు రియాక్టరూ

పండు ఈగ ఉందనీ, టెంక పురుగు ఉందనీ అమెరికా, జపాన్ ఏళ్ల తరబడి మన మామిడిని రానివ్వలేదు. సుంకం లేకుండానే సరుకుని ఆపే పద్ధతి ఇది. పురుగు నిజమే. కానీ ఆ అడ్డు ఎప్పుడు లేస్తుందన్నది పురుగు ఒక్కటే నిర్ణయించలేదు. 2005 జూలై 18న మన్మోహన్ సింగ్, బుష్ అణు సహకారం మీద ఉమ్మడి ప్రకటన చేశారు. 2006 మార్చిలో బుష్ ఢిల్లీ వచ్చి అణు ఒప్పందం గురించి మాట్లాడుతూనే, అమెరికావాళ్లు భారత మామిడి కోసం ఎదురుచూస్తున్నారని అన్నాడు. 2007 ఏప్రిల్‌లో మహారాష్ట్ర లాసల్‌గావ్‌లో రేడియేషన్ పట్టిన మామిడి అమెరికా చేరింది. అదే బేరంలో హార్లీ డేవిడ్‌సన్ మోటారు సైకిళ్లకి ఇక్కడి దారి తెరిచారు. 2008 అక్టోబరులో అణు ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 2006లో జపాన్ కూడా వేడి ఆవిరి పట్టిన పండుకి ఒప్పుకుంది. దాని జాబితాలో బంగినపల్లి ఉంది.

గేటు తెరిచారు సరే, ఆ గేటు దాకా వెళ్లేదెవరు? రేడియేషన్ యంత్రం, ఆవిరి గది, ప్యాక్ హౌసు, రిజిస్టరైన తోట, అధికారి సర్టిఫికెట్ ఇవన్నీ ఉండాలి. పదెకరాల తోటకి సాధ్యమయ్యేది అరెకరానికి సాధ్యం కాదు, తోటే లేనివాడి సంగతి చెప్పక్కర్లేదు. గేటు మళ్లీ మూసుకోవడానికీ ఎంతోసేపు పట్టదు. 2014 మేలో యూరప్ దేశాలు పండు ఈగ పేరు చెప్పి మన మామిడిని ఆపి, 2015లో మళ్లీ తీసుకున్నాయి. నూజివీడు కాయ ఎక్కువగా అమ్ముడయ్యేది దేశం లోపలే.

ఆ బల్ల మీద రెండో వైపు పెట్టింది అణు రియాక్టర్లు. అమెరికా రియాక్టర్లకి మన రాష్ట్రంలో చూపించిన చోటు శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ. అది మత్స్యకారుల ఊరు. అక్కడ భూసేకరణ నడిచింది. కట్టాల్సిన వెస్టింగ్‌హౌస్ కంపెనీ 2017 మార్చిలో దివాలా పిటిషను వేసింది. ఒప్పందం మీద సంతకాలై పదిహేనేళ్లు దాటినా అక్కడ ఒక్క రియాక్టరూ లేవలేదు. నూజివీడులో కాయ దించే కూలీకి గానీ, కొవ్వాడలో వల వేసేవాడికి గానీ ఆ బల్ల దగ్గర కుర్చీ వెయ్యలేదు.

జెనీవాలో ఎండ తగాదా

2010 జనవరిలో కేంద్రం జాతీయ సోలార్ మిషన్ మొదలుపెట్టింది. 2022కల్లా 20,000 మెగావాట్లు అన్నారు, 2015లో దాన్ని 1,00,000కి పెంచారు. కరెంటు ప్రభుత్వమే కొంటుంది కాబట్టి ప్లాంటులో వాడే సెల్సు, ప్యానెళ్లు ఇక్కడ తయారైనవే ఉండాలని షరతు పెట్టారు. అందులో ఒక సందు వదిలారు. మొదట్లో ఈ షరతు సిలికాన్ రకానికే, పల్చటి పొర రకానికి లేదు. అమెరికా ఎగ్జిమ్ బ్యాంకు తక్కువ వడ్డీకి అప్పులిచ్చింది, ఆ అప్పుతో అమెరికా సరుకే కొనాలి. కంపెనీలు ఆ సందులోంచే పల్చటి పొర ప్యానెళ్లు తెచ్చుకున్నాయి.

సిలికాన్ షరతు కూడా చెల్లదని 2013 ఫిబ్రవరిలో అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కింది. గాట్ సూత్రం ప్రకారం బయటి సరుకుని సొంత సరుకు కన్నా తక్కువగా చూడకూడదు. ప్రభుత్వం తన కోసం కొనే సరుకుకి మినహాయింపు ఉంది కదా అని భారత్ వాదించింది. 2016 ఫిబ్రవరిలో ప్యానల్, సెప్టెంబరులో అప్పీలు సంస్థ ఇచ్చిన జవాబు తేలికగా అర్థమవుతుంది: ప్రభుత్వం కొంటున్నది కరెంటు, వివక్ష చూపుతున్నది ప్యానెళ్ల మీద, రెండూ ఒకటి కాదు. 2013లో కెనడా అంటారియో రాష్ట్రం ఇలాంటి కేసులోనే జపాన్ చేతిలో ఓడింది. ఇక అమెరికా రాష్ట్రాలే సొంత సరుకుకి సబ్సిడీలిస్తున్నాయని భారత్ తిరిగి కేసు పెట్టి 2019 జూన్‌లో గెలిచింది. అమెరికా అప్పీలుకెళ్లింది, అప్పీలు సంస్థ పడకేసింది. చివరికి 2023లో రెండు ప్రభుత్వాలూ కూర్చుని ఈ తగాదాలు మాఫీ చేసుకున్నాయి. పదేళ్ల న్యాయం ఒక విందుతో సర్దుబాటయింది.

ఈలోగా ఇక్కడ గోడ ఇంకో రూపంలో లేచింది. 2018 జూలైలో దిగుమతి ప్యానెళ్ల మీద 25 శాతం రక్షణ సుంకం వేశారు. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్యానెళ్ల మీద 40 శాతం, సెల్సు మీద 25 శాతం దిగుమతి సుంకం పెట్టారు. ఫ్యాక్టరీలు పెట్టే కంపెనీలకి ఉత్పత్తి ప్రోత్సాహకంగా 2021లో 4,500 కోట్లు, 2022లో మరో 19,500 కోట్లు కేటాయించారు.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. ఒకటి, జెనీవాలో ఓడిన తర్వాత దేశీ సరుకు షరతు పూర్తిగా పోలేదు. ప్రభుత్వం డబ్బు పెట్టే పథకాల్లో అది నిలబడింది. చిన్న రైతు పంపుకి 2019లో వచ్చిన కుసుమ్ పథకం, ఇంటి పైకప్పుకి 2024 ఫిబ్రవరిలో వచ్చిన సూర్యఘర్ పథకం ఆ కోవలోవి. దేశీ సెల్సుతో చేసిన ప్యానెలు దిగుమతి సరుకు కన్నా ఖరీదు. సుంకాలు లేని రోజుల్లో వేల ఎకరాల సోలార్ పార్కు చవక సరుకు తెచ్చుకుంది, రెండు కిలోవాట్ల పైకప్పు ఖరీదు సరుకుకి కట్టుబడింది. స్వదేశీ బరువు ముందు చిన్న భుజం మీదే పడింది.

రెండు, సుంకం పేరుతో, ప్రోత్సాహకం పేరుతో ప్రజల డబ్బు ప్రైవేటు ఫ్యాక్టరీలకి పోతోంది. ఆ ఫ్యాక్టరీల్లో రిజర్వేషను లేదు. 'దేశీ' అన్న ముద్రకి వేల కోట్లిచ్చిన ప్రభుత్వం, ఆ దేశంలో మనవాళ్లు ఉన్నారో లేదో కంపెనీని అడగలేదు.

అంబేడ్కర్ అడిగిన ప్రశ్న

కరెంటు మీద దళితుల ఆలోచన కొత్తది కాదు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా అంబేడ్కర్ చేతిలో విద్యుత్తు కూడా ఉంది. 1944లో సెంట్రల్ టెక్నికల్ పవర్ బోర్డు ఆయన హయాంలోనే ఏర్పడింది. కరెంటు యజమాని ఎవరు, ప్రభుత్వమా ప్రైవేటా అన్నది ఆయన ముందుకి తెచ్చిన ప్రశ్న. కరెంటు చవగ్గా, పుష్కలంగా దొరక్కపోతే పరిశ్రమలు రావు, పరిశ్రమలు రాకపోతే జనం బీదరికం వలయంలోంచి బయటపడరు అన్నది ఆయన వాదం. కరెంటుని ఆయన మనిషి విముక్తితో కలిపి చూశాడు. ఈ రోజు తగాదా ప్యానెలు ఎక్కడ తయారైందన్నదాని మీద ఉంది. కరెంటు ఎవరిదన్నది ఆ తగాదాలో లేదు.

పేటలో పైకప్పు

మళ్లీ నూజివీడుకొద్దాం. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు ఉంది. అది బోరున్నవాడికి. కుసుమ్ పంపుకి కేంద్రం, రాష్ట్రం చెరో 30 శాతం ఇస్తే 40 శాతం రైతు పెట్టాలి. ఇదీ బోరున్నవాడికే. బోరుండాలంటే భూమి ఉండాలి. కాబట్టి ఎండ కరెంటు కూడా తోట గట్టు దగ్గరే ఆగిపోతుంది.

పేట దాకా వచ్చేది పైకప్పు పథకం ఒక్కటే. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకి 2 కిలోవాట్ల ప్యానెళ్లు ఉచితంగా పెడతామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. మంచిదే, వదులుకోనక్కర్లేదు. కానీ 2 కిలోవాట్లకి సుమారు 200 చదరపు అడుగుల నీడపడని కప్పు కావాలి. డాబా ఉన్నవాడికి పర్వాలేదు. రేకుల ఇల్లు, పెంకుటిల్లు, ఒకే స్లాబు కింద మూడు కాపురాలు, పట్టా కాగితం లేని ఇల్లు వీటి సంగతేమిటి? పైగా దళితవాడల్లో 200 యూనిట్ల దాకా కరెంటు 2019 నుంచే ఉచితం. ఇప్పుడా ఇళ్ల మీద ప్యానెలు పెడితే ప్రభుత్వానికి ఆ ఖర్చు తగ్గుతుంది. కప్పు మనది, ఎండ అందరిది. మిగిలే డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది?

భూమి సంగతీ ఉంది. సోలార్ పార్కులకి ఒక్కచోటే వేల ఎకరాలు కావాలి. ప్రభుత్వం కంటికి ముందు కనపడేది అసైన్డు భూమి. 1977లో వచ్చిన చట్టం దాన్ని పేదవాడు అమ్ముకోకూడదని కట్టడి పెట్టింది. అవసరమంటే ప్రభుత్వం మాత్రం తీసుకోగలదు. పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. ఆ తీర్పు ప్రతి పేటలోనూ తెలియాలి.

కాబట్టి స్వేచ్ఛా వాణిజ్యమా, స్వదేశీ గోడా అని ఇద్దరు పెద్దలు వాదించుకుంటుంటే ఒక పక్షాన నిలబడి చప్పట్లు కొట్టడం మన పని కాదు. గోడ లేనప్పుడు లాభం పార్కు కంపెనీకి, గోడ లేచాక లాభం ఫ్యాక్టరీ కంపెనీకి. మనం అడగాల్సినవి వేరే ఉన్నాయి. కరెంటు పథకాల లెక్కలు కులం వారీగా బయటపెట్టాలి. ప్రోత్సాహకం తీసుకునే ప్రతి ఫ్యాక్టరీలో రిజర్వేషను ఉండాలి. కప్పు లేని ఇళ్లకి ఊరుమ్మడి స్థలంలో ప్యానెళ్లు పెట్టి, వచ్చే యూనిట్లు ఆ ఇళ్ల మీటర్లకే జమ చెయ్యాలి. మిగులు కరెంటు డబ్బు ఆ ఇంటి ఆడమనిషి పేరున పడాలి. జమీందారీ పోయినప్పుడు రికార్డులో మన పేరు లేక భూమి పోయింది. ఎండ కరెంటు రికార్డు ఇప్పుడిప్పుడే రాస్తున్నారు. పేర్లు అందులో పడాల్సింది ఇప్పుడే.