కణం ఆకలి తెలిసిన భీమవరం డాక్టరు

1947 డిసెంబరు చివరి వారం. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో రెండేళ్ళ బాబు మంచం మీద ఉన్నాడు. ప్లీహం ఉబ్బి పొట్ట ఎత్తుగా లేచింది. ఎముకల్లో నొప్పి వల్ల నిలబడలేడు. రక్తంలో పనికిరాని తెల్లకణాలు పుట్టలుగా పెరిగిపోతున్నాయి. లుకేమియా. ఆ రోజుల్లో ఆ పేరు చెప్పాక తల్లిదండ్రులకు వైద్యుడు చెప్పడానికి ఇంకేమీ మిగిలేది కాదు.

ఆ మంచం దగ్గరికి వచ్చిన డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అసలు పిల్లల వైద్యుడు కాడు. చనిపోయిన పిల్లల శరీరాలు పరీక్షించి కారణం రాసే పాథాలజిస్టు. తోటి వైద్యుల్లో చాలామందికి ఆయన చేస్తున్న పని నచ్చలేదు. చావు ఖాయమైన పిల్లలను సూదులతో ఎందుకు బాధపెట్టాలని వాళ్ళ వాదన. ఆ వాదనలో దయ లేకపోలేదు. అయినా ఫార్బర్ సిరంజిలోకి కొత్త మందు ఎక్కించాడు. దాని పేరు అమినోప్టెరిన్.

ఆ మందు వచ్చింది న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాల నుంచి. అక్కడి పరిశోధనలకు పెద్ద యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మన అమలాపురం నుంచి వెళ్ళేవాళ్ళకు వసిష్ఠ గోదావరి దాటితే ఆయన పుట్టిన జిల్లాయే.

సుబ్బారావు బతుకులోకి ఈ కథ పాతికేళ్ళ ముందే వచ్చింది, అదీ గ్రహణి రూపంలో. తిన్నది ఒంటబట్టదు. విరేచనాలు ఆగవు. నాలుక పుండవుతుంది, రక్తం పలచబడిపోతుంది, మనిషి కళ్ళముందే ఎండిపోతాడు. 1921లో ఆ జబ్బు ఆయన అన్నదమ్ములిద్దరిని కొద్దిరోజుల తేడాలో తీసుకుపోయింది. అదే జబ్బు ఆయన్నీ పట్టుకుంది. మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు. తర్వాత మామగారి సాయంతో, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన భరోసాతో భార్య శేషగిరిని ఇక్కడే వదిలి అమెరికా ఓడ ఎక్కారు. మళ్ళీ ఈ గడ్డ మీద అడుగు పెట్టలేదు. బోస్టన్‌లో చదువుకు డబ్బు చాలక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు.

గ్రహణి మనిషిని చంపేది ఏది లేకపోవడం వల్ల? ఆయన్ను వెంటాడిన ప్రశ్న ఇది. జవాబులో ఒక ముక్క అప్పటికే బొంబాయిలో దొరికింది. అక్కడి మిల్లు కార్మికుల ఇళ్ళలో గర్భిణులకు వచ్చే రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతోందని లూసీ విల్స్ అనే ఆంగ్లేయ వైద్యురాలు 1930 ప్రాంతంలో గమనించింది. 1941లో టెక్సాస్ శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఆ రక్తహీనతను తగ్గించే పదార్థాన్ని చిటికెడంత తీయగలిగారు. చివరికి 1945లో సుబ్బారావు బృందం దాన్ని ప్రయోగశాలలోనే తయారుచేసింది. అదే ఫోలిక్ యాసిడ్. మన ఆశా కార్యకర్తలు గర్భిణులకు ఇచ్చే ఎర్ర బిళ్ళలో ఇనుముతోపాటు ఉండేది ఇదే.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. రక్తం పుట్టించే విటమిన్ కదా, రక్త క్యాన్సర్‌కూ మేలు చేస్తుందేమోనని ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఫోలిక్ యాసిడ్ జాతి మందులు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా ఊపందుకుంది. క్యాన్సర్ కణానికి ఆ విటమిన్ మీద ఎంత ఆకలో అప్పుడు తెలిసొచ్చింది. ఈ కథలో అన్నిటికన్నా విలువైన ఘట్టం నాకు ఇదే. ఆకలి తెలిసింది కాబట్టి దాన్నే ఆయుధం చేసుకోవచ్చు. చూడటానికి ఫోలిక్ యాసిడ్‌లాగే ఉండి, లోపలికి వెళ్ళాక పని ఆపేసే నకిలీ విటమిన్లు సుబ్బారావు ప్రయోగశాలలో తయారయ్యాయి. అమినోప్టెరిన్ వాటిలో ఒకటి. కణం అసలుదనుకుని మింగుతుంది. కొత్త డీఎన్‌ఏ కట్టుకోలేక, విభజన చెందలేక ఆగిపోతుంది.

బోస్టన్ బాబు రక్తంలో తెల్లకణాలు దిగివచ్చాయి. పొట్ట తగ్గింది. కొన్ని వారాల్లో నడిచాడు. 1948 జూన్ 3న ఫార్బర్ ప్రచురించిన వ్యాసం ప్రకారం మందిచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. అది నిలవలేదు, నెలల్లో జబ్బు తిరగబెట్టింది. కానీ పిల్లల లుకేమియా మందుతో వెనక్కి తగ్గగలదని లోకం చూసింది. వ్యాసం వచ్చిన రెండు నెలలకే, ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే పోయారు. 53 ఏళ్ళు.

ఆ జాతి మందుల్లోదే మెథోట్రెక్సేట్. అమలాపురం మెడికల్ షాపుల్లో ఈరోజుకీ దొరుకుతుంది. కీళ్ళవాతానికి రాసిన చీటీ చూడండి: మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజు, ఫోలిక్ యాసిడ్ వేరే రోజు. విటమినూ, దాని విరోధీ ఒకే చీటీలో పక్కపక్కన ఉంటాయి. రెండూ ఆ ఒక్క ప్రయోగశాల బిడ్డలే. మెథోట్రెక్సేట్‌ను పొరపాటున రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు, కాబట్టి చీటీలో వారంలో ఏ రోజని రాశారో డాక్టరుని గట్టిగా అడిగి తెలుసుకోండి.

ఈ మందుకి ఒక లోపం ఉంది. విభజన చెందే ఏ కణాన్నీ వదలదు. నోట్లో పుళ్ళు, రక్తకణాలు పడిపోవడం అందుకే. క్యాన్సర్ కణాన్ని విడిగా గుర్తుపట్టే ఉపాయం కణం పైపొర మీదే దొరికింది. పైపొర మీద ఉండే రిసెప్టర్లను మన గోదావరి రేవులనుకోండి. ఏ సరుకు పడవ ఏ రేవులో ఆగాలో ముందే ఖాయం. ఫోలేట్ కోసం ప్రత్యేకంగా ఒక రేవు ఉంది, దాని పేరు ఫోలేట్ రిసెప్టర్ ఆల్ఫా. మామూలు కణాల్లో చాలావాటికి అది అరుదు. ఎన్నో అండాశయ క్యాన్సర్ల కణాలు మాత్రం ఒళ్ళంతా ఆ రేవులే కట్టుకుంటాయి. మిలాన్ శాస్త్రవేత్తలు 1980లలో అండాశయ క్యాన్సర్‌ను పట్టే ఆంటీబాడీ ఒకటి తయారుచేశారు. అది అంటుకుంటున్నది ఫోలేట్ రిసెప్టర్‌కేనని 1991లో తేలింది.

ఆ దారి ఎక్కడికి వచ్చిందో చెప్పడానికి రెండు మందులు చాలు. పాఫోలాసియనిన్ అనేది ఫోలేట్‌ను పోలిన అణువుకి రంగు తగిలించి చేసింది. ఆపరేషన్‌కి ముందు నరంలోకి ఎక్కిస్తారు. ప్రత్యేక కెమెరా కింద, మామూలు కంటికి ఆనని క్యాన్సర్ ముక్క కూడా మెరుస్తూ పట్టుబడుతుంది. అమెరికా ప్రభుత్వం దీన్ని 2021 నవంబరులో అనుమతించింది. ఏడాది తర్వాత మిర్వెటక్సిమాబ్ సొరవ్‌టాన్సిన్‌కి అనుమతి వచ్చింది. ఇది విషం మోసుకెళ్ళే ఆంటీబాడీ. రిసెప్టర్‌ని పట్టుకుంటే కణమే దాన్ని లోపలికి లాక్కుంటుంది, అక్కడ విషం విడుదలవుతుంది. ప్లాటినం మందులకు లొంగని అండాశయ క్యాన్సర్‌లో వాడతారు. కణితి ముక్కను పరీక్షించి రిసెప్టర్ దండిగా ఉందని తేలాకే ఇస్తారు. అలా తేలేది సుమారు మూడోవంతు మందిలోనే. కంటికి హాని చేయగలదు కాబట్టి చికిత్స సాగినంత కాలం కంటి వైద్యుడి పర్యవేక్షణ తప్పదు.

అసలు జబ్బే రాకుండా ఆపగలమా అంటే, ఈ రిసెప్టర్ దారిలో ఇంకా అంత దూరం రాలేదు. చికిత్స పూర్తయినవారిలో క్యాన్సర్ తిరగబెట్టకుండా చూడాలని ఫోలేట్ రిసెప్టర్ మీదే టీకా తయారుచేసి, అమెరికాలో మేయో క్లినిక్ వైద్యులు చిన్న పరీక్ష నడిపారు. రోగుల శరీరంలో ఆ రిసెప్టర్‌ను గుర్తుపట్టే రోగనిరోధక కణాలు పుట్టాయి. క్యాన్సర్‌ను నిజంగా ఆపుతుందో లేదో పెద్ద పరీక్షలు తేల్చాలి. సుబ్బారావుకి నోబెల్ రాలేదని ప్రతి జయంతికీ బాధపడతాం. ఆ బాధ న్యాయమైనదే. అయితే మన ఇంటర్ పిల్లలకు ఆయన తపాలా బిళ్ళతోపాటు ఈ రిసెప్టర్ బొమ్మ కూడా చూపించాలి.