మూత ఎందుకు పడిపోయింది? తరిమెన నుంచి డయల్ గేజ్ దాకా

ఇవాళ నా చేతిలో రెండు కుంకుమ భరిణెలున్నాయి. రెండూ అంకుడు కర్రవే, చూడ్డానికి కవల పిల్లల్లా ఉన్నాయి. ఇదిగో, మొదటిదానికి మూత పెట్టి తలకిందులు చేస్తున్నా. పడలేదు. ఇప్పుడు రెండోది. టక్! పడిపోయింది. విన్నారు కదా? ఈ ఎపిసోడ్ అంతా ఆ చప్పుడు గురించే.

ఆ రెండోది నాకు ఇచ్చింది అరకు దగ్గర ఒక ఊళ్లో ఒక అన్న. వాళ్ల గ్రూపుకి కరెంటుతో నడిచే లేతు మిషన్ వచ్చింది. తెచ్చినవాళ్లు దాన్ని దించారు, ప్లగ్ పెట్టారు, తిరుగుతోందని చూపించారు, ఫొటో దిగి వెళ్లిపోయారు. నెల తిరక్కుండానే దాని మీద టార్పాలిన్ పడింది. "ఏమైందన్నా?" అని అడిగితే, "మా చేతికి మిషన్ పడదు బాబూ, మావల్ల కాదు" అన్నాడు. చిన్నప్పట్నుంచి బాడిస పట్టి నాగళ్లు చెక్కిన మనిషి అన్న మాట అది. నాకు నిద్ర పట్టలేదు. నిజంగా చేతి తప్పేనా? దీనికి జవాబు కావాలంటే కొంచెం హిస్టరీలోకి వెళ్లాలి.

లేతుకి మన తెలుగులో పాత పేరు ఉంది: తరిమెన. కొండ దిగి మైదానంలోకి వస్తే, ఇప్పటి అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. లక్క బొమ్మల ఊరు. అక్కడ వాడేది కూడా ఈ అంకుడు కర్రే. మెత్తగా ఉంటుంది, ఉలికి లొంగుతుంది. 2017లో ఆ బొమ్మలకి జీఐ ట్యాగ్ వచ్చింది. సహజ రంగుల కోసం ఏళ్ల తరబడి పనిచేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. రంగుల కథ చాలామంది చెప్పారు. నేను ఆ రంగు కింద ఉన్న గుండ్రదనం గురించి చెప్తాను.

మన దేశంలో పాత తరిమెన ఎలా ఉండేది? రెండు కొయ్యలు, వాటికి ఎదురెదురుగా రెండు మొనలు. మధ్యలో కర్ర. కర్రకి తాడు చుట్టి ఒకరు అటూ ఇటూ లాగుతుంటే, ఇంకొకరు నేల మీద కూర్చుని ఉలి ఆనిస్తారు. ఒక్క విషయం గమనించండి. ఆ మొనలు తిరగవు. కర్ర మాత్రమే తిరుగుతుంది. రెండు చుక్కల మధ్య ఒకే ఒక్క సరళరేఖ ఉంటుందని స్కూల్లో చదివాం కదా, ఆ రేఖే ఇరుసు. కొయ్యలు కొంచెం వంకరగా పాతినా, మొనలు కదలనంతసేపు కర్ర గుండ్రంగానే వస్తుంది. అంటే ఆ యంత్రానికి అలైన్‌మెంట్ దాదాపు ఫ్రీగా వచ్చేది.

తర్వాత మోటార్ వచ్చింది. తాడు లాగే మనిషి అవసరం పోయింది, వేగం పెరిగింది. కానీ ఆ ఫ్రీ ఆఫర్ కూడా పోయింది! ఇప్పుడు కర్రని ఎడమ పక్క హెడ్‌స్టాక్ పట్టుకుని తిప్పుతుంది. భరిణె లోపల గుంట చేసే డ్రిల్లు కుడి పక్క టెయిల్‌స్టాక్ నుంచి వస్తుంది. ఈ రెండూ ఒకే గీత మీద లేకపోతే డ్రిల్లు పక్కకి ఒరుసుకుంటూ రంధ్రాన్ని పెద్దది చేస్తుంది. మూత వదులవుతుంది. బేరింగులు, బెల్టు, పుల్లీలు, బెడ్డు, కింద నేల, ప్రతిదీ తప్పు చేయగలదు. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినప్పుడు కోడ్‌లో పార్టులు పెరిగేకొద్దీ బగ్ దాక్కునే చోట్లు పెరిగేవి. ఇక్కడా అంతే.

ఈ తలనొప్పి మనకంటే ముందు యూరప్, అమెరికా ఫ్యాక్టరీలకి వచ్చింది. వాళ్లు ఏం చేశారు? 1661 నాటికే ఫ్రాన్స్‌లో తెవెనో అనే ఆయన గాజు గొట్టంలో ద్రవం పోసి, గాలి బుడగతో మట్టం చూసే పరికరం చేశాడు. మన మేస్త్రీలు రసమట్టం అనేది అదే. 1840లో ఇంగ్లండ్‌కి చెందిన జోసెఫ్ విట్‌వర్త్, నిజంగా చదునైన పలక ఎలా తయారుచేయాలో గ్లాస్గో సభలో వివరించాడు. ఆ పద్ధతి నాకు భలే నచ్చింది. రెండు పలకలు ఒకదాని మీద ఒకటి చక్కగా కూర్చున్నాయంటే చదునుగా ఉన్నట్టేనా? కాదు. గిన్నెలో గిన్నె కూడా చక్కగానే కూర్చుంటుంది! ఒకటి ఉబ్బు, ఇంకోటి గుంట కావచ్చు. అందుకే మూడో పలక కావాలి. మూడూ ఏ జత పెట్టినా అతికితేనే చదును. కొలబద్ద లేకుండానే కొలబద్ద పుట్టింది.

1883లో అమెరికాలో జాన్ లోగన్ అనే ఆయన ముల్లు తిరిగే గేజ్‌కి పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. అదే ఇప్పటి డయల్ గేజ్‌కి తాతయ్య. ఇప్పుడు మామూలుగా దొరికే డయల్ గేజ్‌లో ఒక్కో గీత 0.01 మిల్లీమీటర్. 1927లో జర్మనీలో జార్జ్ ష్లెసింగర్, కొత్త మెషిన్ వస్తే ఏమేం పరీక్షించి తీసుకోవాలో పుస్తకం వేశాడు. అంటే దాదాపు వందేళ్లుగా ఈ రూల్ ఉంది: మెషిన్ తిరిగితే చాలదు, తిన్నగా ఉందని చూపించాలి. ఆ ఊళ్లో మెషిన్ దించినవాళ్లు వదిలేసింది సరిగ్గా ఆ పనే.

నేను మళ్లీ వెళ్లాను. డయల్ గేజ్ లేదు. ఊళ్లో ఇళ్లు కట్టే మేస్త్రీ దగ్గర రసమట్టం దొరికింది. ముందు ప్లగ్ పీకేశాం, ఇది మర్చిపోకండి. రసమట్టాన్ని బెడ్డు మీద అడ్డంగా, ఒకసారి ఎడమ చివర, ఒకసారి కుడి చివర పెట్టాం. బుడగ రెండు చోట్లా ఒకేచోట నిలవాలి. నిలవలేదు! మట్టి నేలలో ఒక కాలు దిగిపోయి, బెడ్డు తువ్వాలు పిండినట్టు మెలి తిరిగింది. కాలి కింద రాయి పరిచి, సందులో రేకు ముక్కలు దోపుతూ వెళ్లాం. బుడగ రెండు చోట్లా ఒకేలా వచ్చింది. తర్వాత టెయిల్‌స్టాక్ మొనని జరిపి హెడ్‌స్టాక్ మొన దగ్గరికి తెచ్చాం. మొనకి మొన తగిలింది. చివరగా రెండు పుల్లీల ముఖాల మీదుగా నూలు దారం బిగించి పట్టాం. నాలుగు చోట్లా తాకాలి. మూడు చోట్లే తాకింది. మోటార్ కొంచెం జరిపాం.

"మరి ఆ రసమట్టమే తప్పయితే?" అని ఆ అన్న అడిగాడు. సూపర్ ప్రశ్న! పరికరాన్ని దానితోనే పరీక్షించొచ్చు. రసమట్టాన్ని ఉన్నచోటే అటు కొస ఇటు తిప్పి పెట్టండి. అది కరెక్టయితే బుడగ మీ వైపు నుంచి చూస్తే అదే పక్కన నిలుస్తుంది. మూలమట్టంతో గీత గీసి, దాన్ని తిరగేసి మళ్లీ గీయండి. రెండు గీతలు విడిపోతే మూలమట్టం తప్పు. విట్‌వర్త్ మూడో పలక వెనక ఉన్న ఆలోచనే ఇది. పైసా ఖర్చు లేదు.

కాబట్టి చెక్క మెషిన్ పెట్టుకుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందు ఇవి తెచ్చుకోండి: రసమట్టం, మూలమట్టం, స్టీలు స్కేలు, నూలు దారం, సందులు కొలిచే ఫీలర్ గేజ్. డబ్బులు కూడాక డయల్ గేజ్. రంపం మెషిన్ అయితే బ్లేడు మీద ఒకే పన్నుకి గుర్తు పెట్టి, గైడుకి దాని దూరం ముందొకసారి, వెనకొకసారి కొలవండి. వెనక దూరం తగ్గితే కర్ర ఇరుక్కుని మీ మీదకే తన్నే ప్రమాదం ఉంది.

ఇంకో మాట. నా చేతిలో మొదటి భరిణె ఉంది కదా, మూత పడనిది. అదీ ఆ అన్న చేసిందే. అదే మెషిన్, అదే ఎండిన అంకుడు కర్ర, అదే చెయ్యి. ఆ సాయంత్రం చేశాడు. మూత పెట్టి మూడుసార్లు తలకిందులు చేసి చూసుకున్నాడు. "అయితే నా చెయ్యి బాగానే ఉందన్నమాట" అన్నాడు.

మీ ఊళ్లో కూడా ఏదైనా మెషిన్ టార్పాలిన్ కింద పడుకుని ఉంటే, ముందు దాని కాళ్ల కింద నేల చూడండి. మళ్లీ కలుద్దాం.