ప్రాస కాపలా కాసిన సంఖ్య

ఈసీఐఎల్‌లో మెమరీ బోర్డులు పరీక్షించి రిటైరైనవాణ్ణి. కీసర దారిలో, నాగారంలోనే ఇల్లు కట్టుకున్నాను. ఉద్యోగమంతా నాకు ఒకటే ధ్యాస: యంత్రం దాచుకున్న సంఖ్య మారకుండా ఉందా, మారితే ఎట్లా పట్టుకోవాలి? పావులూరి మల్లన గణితంలోదిగా ప్రసిద్ధికెక్కిన చదరంగం పద్యం మీద నాకింత ప్రేమ అందుకే.

మల్లన 11వ శతాబ్దివాడని సాహిత్య చరిత్రలు చెబుతాయి. రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణిత సార సంగ్రహాన్ని ఆయన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

లెక్క అందరూ విన్నదే. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు. 64 గళ్లకూ కలిపి 18446744073709551615. దీనికి అరవై నాలుగుసార్లు రెట్టించనక్కర్లేదు. 2 వర్గం 4, దాని వర్గం 16, ఆపైన 256, 65536, 4294967296. దాన్నీ ఒకసారి వర్గం చేసి ఒకటి తీసేస్తే చాలు. కారణాంకాలుగా విడగొడితే 3, 5, 17, 257, 641, 65537, 6700417 వస్తాయి. ఏడూ ప్రధాన సంఖ్యలే, ఏదీ రెండోసారి రాదు. వీటిలో 641ని ఆయిలర్ 1732లో బయటపెట్టేదాకా, 4294967297 ప్రధాన సంఖ్యేనని ఫెర్మా చెప్పిన మాట నిలిచే ఉంది.

మా ఈసీఐఎల్ 1969లో తెచ్చిన టీడీసీ-12లో ఒక్కో పదానికి 12 బిట్లు. అన్నీ ఒకట్లయితే 4095. ఇప్పటి 64 బిట్ల రిజిస్టరులో అన్నీ ఒకట్లయితే సరిగ్గా ఈ చదరంగం సంఖ్యే!

ఇరవై అంకెలు తాటాకు మీద ఉత్తగా రాసిపెడితే, ఎత్తిరాసేవాడి చేతిలో ఒకటి మారినా దిక్కులేదు. అందుకే పద్యంలో అంకెకో మాట: బాణమంటే ఐదు, చంద్రుడంటే ఒకటి, వేదమంటే నాలుగు, ఆకాశమంటే సున్న. చదవడం ఒకట్ల స్థానం నుంచి.

తొమ్మిదులు తీసేసి సరిచూసే పద్ధతి ఉంది. ఈ సంఖ్య అంకెల మొత్తం 87, దాన్నీ కుదిస్తే 6. రెండు ఘాతాల వరుసతో చూసినా 6 రావాలి, వస్తుంది. అయితే పక్కపక్క అంకెలు తారుమారైతే మొత్తం మారదు, తప్పు దొరకదు. మా పారిటీ బిట్‌దీ అదే బలహీనత: ఒక బిట్ మారితే చెబుతుంది, రెండు మారితే ఊరుకుంటుంది.

పద్యం ఊరుకోదు. అది చంపకమాల. మొదటి మాట ‘శర’, రెండోది ‘శశి’. రెండూ రెండేసి లఘువులే కాబట్టి అటూ ఇటూ మార్చినా గణాలు చెడవు. చివరి 15 కాస్తా 51 అవుతుంది, తొమ్మిదుల పరీక్షా గట్టెక్కుతుంది. కానీ మిగతా మూడు పాదాల్లో ప్రాస ‘ర’. మొదటి పాదంలో రెండో అక్షరం ‘శి’ అయిందంటే, పద్యం నోటికి వచ్చినవాడు అక్కడే ఆపేస్తాడు.

యతి మరో కాపలా. ఆరుకు మొదటి పాదంలో ‘షట్క’ అన్న కవి రెండో పాదంలో ‘తర్క’ అన్నాడు. రెండూ ఒకే తూకం మాటలు, ఒకే అంకె. ‘ధ’తో మొదలైన ఆ పాదంలో పదకొండో అక్షరంగా ‘త’ నిలుస్తుంది, ‘ష’ నిలవదు.