కాగితం నుంచి రన్‌డౌన్ వరకు: తెలుగు వార్తాప్రసారంలో ఊరి పేరు (విడవలూరు నేపథ్యంలో పరిశీలన)

వ్యాససంగ్రహం

వార్తాప్రసార సంస్థలు వాడే న్యూస్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌ను సాధారణంగా వేగానికి సాధనంగా పరిగణిస్తారు. తెలుగు విషయంలో దాని చరిత్ర లిపి సంకేతీకరణ చరిత్రతో పెనవేసుకొని ఉంది. నెల్లూరు తీరంలోని విడవలూరును ఉదాహరణగా తీసుకొని, ఒక ఊరి పేరు బులెటిన్‌లోకి చేరే మార్గం ఎలా మారిందో, ప్రసారం ముగిశాక ఆ పేరు తిరిగి దొరకడం దేనిపై ఆధారపడుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఆకాశవాణి, దూరదర్శన్, రన్‌డౌన్, యూనికోడ్, విడవలూరు.

1. ఉపోద్ఘాతం

విడవలూరు నెల్లూరు జిల్లాలోని సముద్రతీర మండలం. 1913లో పుచ్చలపల్లి సుందరయ్య జన్మించిన అలగానిపాడు ఈ మండలంలోనిదే. బంగాళాఖాతానికీ పెన్నకూ చేరువలో ఉన్నందున తుఫాను, వరద ఇక్కడి జీవితంలో భాగం. పూర్వపు కోవూరు తాలూకాకు చెందిన ఈ ప్రాంతం 1985 నాటి మండల వ్యవస్థతో పరిపాలనలో సొంత పేరు పొందింది. అయితే ఇక్కడి వార్త ఇక్కడివారికే వినిపించాలన్నా నెల్లూరు దాటి దూరనగరంలోని న్యూస్‌రూమ్‌కు వెళ్లి తిరిగి రావలసిందే.

2. కాగితం ఆధారమైన కాలం

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. ఢిల్లీ నుంచి ప్రసారమైన తెలుగు వార్తలకు మూలం ఆంగ్లంలో సిద్ధమైన ప్రతి. తెలుగు విభాగం దానిని అనువదించి చదివేది. సినీనటుడు కొంగర జగ్గయ్య అక్కడ వార్తలు చదివినవారిలో ఒకరు. హైదరాబాదు దూరదర్శన్ 1977లో మొదలైంది. 1983 నవంబరు 14న శాంతి స్వరూప్ అక్కడ తొలి తెలుగు వార్తలు చదివారు. టెలీప్రాంప్టర్ లేని ఆ రోజుల్లో చేతిలోని కాగితాలే ఆయనకు ఆధారం. వార్తల వరుస మారితే చదివేవారికీ, దృశ్యాలు వేసేవారికీ విడివిడిగా చెప్పవలసి వచ్చేది. ఇన్ని ఇబ్బందుల నడుమ కూడా కాగితంపై తెలుగు అక్షరం తెలుగు అక్షరంగానే నిలిచింది.

3. రన్‌డౌన్ రాక

1980లో ప్రారంభమైన సీఎన్‌ఎన్, ఆ దశాబ్దపు తొలినాళ్లలోనే ‘బేసిస్’ అనే కంప్యూటర్ వ్యవస్థను న్యూస్‌రూమ్‌లోకి తెచ్చింది. 1990ల చివర అసోసియేటెడ్ ప్రెస్ సంస్థ బీబీసీ అవసరాల కోసం ‘ఈఎన్‌పీఎస్’ను రూపొందించింది. దాదాపు అదే కాలంలో వచ్చిన ‘మాస్’ ప్రమాణం న్యూస్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌ను వీడియో సర్వర్, గ్రాఫిక్స్, టెలీప్రాంప్టర్‌లతో అనుసంధానించింది.

ఈ వ్యవస్థలకు కేంద్రం రన్‌డౌన్. బులెటిన్‌లోని ప్రతి అంశానికీ ఒక వరుస, ఆ వరుసలో శీర్షిక, పాఠం, దృశ్యం, నిడివి ఉంటాయి. ఒక అంశాన్ని పైకి జరిపితే ఆ మార్పు అందరి తెరలపై ఒకేసారి కనిపిస్తుంది. 2003 చివర ఈటీవీ2, 2004లో టీవీ9 ప్రారంభమై తెలుగులో నిరంతర వార్తల యుగం మొదలైనప్పుడు ఇటువంటి ఉమ్మడి జాబితా అనివార్య అవసరమైంది.

పదాల సంఖ్యను బట్టి నిడివిని అంచనా వేసే పద్ధతి మాత్రం ఆంగ్లానికి అనువైనది. ‘తెగిపోయిందనుకున్నారు’ తెలుగులో ఒకే పదం, ఆంగ్లంలో నాలుగైదు. అందువల్ల పదాల లెక్క తెలుగు పాఠాన్ని ఉన్నదానికంటే చిన్నదిగా చూపుతుంది.

4. లిపి చిక్కు

భారతీయ లిపులకు ఇస్కీ ప్రమాణం 1991లో ఖరారైంది. అదే ఏడాది వెలువడిన యూనికోడ్ తొలి సంచికలో తెలుగుకు 128 స్థానాల విభాగం లభించింది. కానీ తెలుగు ముద్రణ రంగం చాలాకాలం సొంత ఫాంట్ల మీదనే నడిచింది. వాటిలో రోమన్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకృతులను అమర్చారు. తెరపై ‘విడవలూరు’ అని కనిపించినా, ఫైలులో ఉండేది రోమన్ అక్షరాల, గుర్తుల వరుస మాత్రమే. ఫాంట్ మారితే పాఠం చెదిరిపోతుంది, యూనికోడ్‌లో వెతికితే దొరకదు. 2001లో విండోస్ ఎక్స్‌పీ తెలుగు యూనికోడ్‌కు అవకాశం కల్పించినా, అలవాటైన కీబోర్డులు, ఫాంట్లు ఒక్కసారిగా తొలగిపోలేదు.

5. శీర్షికలో కనబడని ఊరు

2021 నవంబరులో పెన్న పొంగి, కోవూరు సమీపాన జాతీయ రహదారి తెగింది, పడుగుపాడు వద్ద రైలుమార్గం దెబ్బతింది. ఇంతటి ఘటనలో పలు గ్రామాల సమాచారం ‘నెల్లూరు వరద’ వంటి ఒకే శీర్షిక కింద చేరితే, ఊరి పేరు లోపలి పాఠంలోనే మిగులుతుంది. శీర్షికను రోమన్ లిపిలో రాస్తే విడవలూరు చివరి ఉకారాన్ని ఒకరు ఉంచుతారు, మరొకరు వదిలేస్తారు. ఇక జిల్లా పేరు 2008 నుంచి అధికారికంగా శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా. ఒకే ప్రదేశం ఇన్ని రూపాల్లో దాఖలైతే, పూర్వపు వరదతో కొత్త వరదను పోల్చదలచిన పరిశోధకునికి మిగిలేది అసంపూర్ణ ఆధారమే.

6. ముగింపు

కాగితం యుగంలో ఊరి పేరు చదవడానికి వీలుగా ఉన్నా వెతకడం కష్టమైంది. తొలి తెలుగు కంప్యూటర్ పాఠాల్లో అది తెరపై కనిపించినా వెతుకులాటకు చిక్కలేదు. యూనికోడ్ ఆధారిత న్యూస్‌రూమ్ వ్యవస్థ ఈ రెండు లోపాలనూ తీర్చగలదు. అందుకు పాత ఫాంట్లలోని పాఠాలను యూనికోడ్‌లోకి మార్చాలి, ప్రతి కథనానికీ గ్రామం, మండలం పేర్లను తెలుగులో ప్రత్యేకంగా నమోదు చేయాలి. సొంత న్యూస్‌రూమ్ లేని విడవలూరు వంటి ప్రాంతాల ప్రసార చరిత్ర ఈ నమోదు మీదనే ఆధారపడి ఉంది.